నాలుగో బోరు పడుతుందా? సంభావ్యతతో లెక్కేద్దాం

[తెర మీద: ఎండిన చేను. వెనక బోరు లారీ మోత.]

"మూడు పోయినయ్ గదరా, నాలుగోది పడకపోతదా?"

దేవరకొండ వైపు ఉండే మా చిన్నాయన అడిగిన మాట ఇది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. సంభావ్యత పాఠం మొత్తం నోటికొచ్చు, కానీ ఆయనకు మాత్రం ఏం చెప్పాలో తోచలేదు. ఈ వీడియోలో ఆ లెక్క చేద్దాం.

[తెర మీద: సాగర్ డ్యామ్ గేట్లు, వాటి మీద 1 నుంచి 26 అంకెలు]

ముందు పుస్తకంలో ఉండే రకం లెక్క ఒకటి. నాగార్జునసాగర్‌కు 26 క్రస్ట్ గేట్లు. 1 నుంచి 26 వరకు చీటీలు రాసి డబ్బాలో వేసి, చూడకుండా ఒకటి తీశాం. ప్రధాన సంఖ్య వచ్చే సంభావ్యత ఎంత? 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23. మొత్తం తొమ్మిది. జవాబు 9/26. ఒకటిని కూడా కలిపి పది అని రాస్తే మార్కు పోతుంది.

ఇక్కడ ప్రతి చీటీకీ సమాన అవకాశం ఉంది, అందుకే లెక్క అంత తేలిక. బోరు అలా కాదు. పడటం, పడకపోవడం రెండే ఫలితాలు కదా అని 1/2 రాస్తే తప్పు. ఊళ్లోకి వెళ్లి లెక్కపెట్టాల్సిందే.

[తెర మీద: నోట్‌బుక్‌లో పట్టిక]

ఊళ్లో ఇప్పటిదాకా 50 బోర్లు వేశారనుకుందాం. నీళ్లు పడ్డవి 20. సంభావ్యత 20/50, అంటే 2/5. శాతంలో 40. ఇలా జరిగినవాటిని లెక్కపెట్టి కట్టేది ప్రాయోగిక సంభావ్యత.

అసలు చిక్కంతా ఆ కింది 50 దగ్గరే. నీళ్లున్న బోరుకు మోటారు ఉంటుంది, స్టార్టర్ డబ్బా ఉంటుంది, దూరం నుంచే కనిపిస్తుంది. ఎండిన బోరుకు కేసింగ్ పీకేసి పూడ్చేస్తారు. బండి మీద పోతూ లెక్కపెడితే నడిచే 20 మాత్రమే కంటికి ఆనతాయి, సంభావ్యత ఏకంగా 1 వస్తుంది! కాబట్టి ఇంటింటికీ పోయి "ఎన్ని నడుస్తున్నయ్" అని కాదు, "ఎన్ని వేసిండ్రు" అని అడగాలి.

[తెర మీద: 3/5 × 3/5 × 3/5 × 3/5]

ఇప్పుడు చిన్నాయన ప్రశ్న. ఒక బోరు ఫెయిలయ్యే సంభావ్యత 3/5. ఒక బోరుకూ ఇంకో బోరుకూ సంబంధం లేదనుకుంటే, నాలుగూ ఫెయిలయ్యేది 81/625, అంటే దాదాపు 13 శాతం. కనీసం ఒకటి పడేది దాదాపు 87 శాతం. చిన్నాయన మనసులో ఉన్నది ఈ 87.

అయితే అది ఒక్క బోరు కూడా వేయకముందు లెక్క. మూడు ఎండిపోయాక మిగిలింది ఒక్క బోరే. దానికి మళ్లీ 2/5. మూడు పోయాయని నాలుగోదానికి భూమి జాలిపడదు.

నిజానికి 40 కూడా ఎక్కువేమో. నల్గొండ, పాలమూరు నేలల కింద ఎక్కువగా గ్రానైట్ రాయి. నీళ్లు ఆ రాయి పగుళ్లలో ఉంటాయి. ఒకే చెలకలో మూడు ఎండాయంటే అక్కడ పగుళ్లే తక్కువేమో! అప్పుడు బోర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేని స్వతంత్ర ఘటనలు కావు, గుణించడమే కుదరదు.

[తెర మీద: అరచేతిలో నిలబడ్డ కొబ్బరికాయ]

మరి అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోట నీళ్లుంటాయని చెప్పే పాయింట్ చూసేవాళ్ల సంగతి? మన పట్టికనే రెండు ముక్కలు చేద్దాం. కాయ నిలబడిన చోట వేసినవి 15, పడ్డవి 6 అనుకోండి. కాయ లేకుండా వేసినవి 35, పడ్డవి 14. 6/15 కూడా 2/5, 14/35 కూడా 2/5. ఈ అంకెలే వస్తే కాయ వల్ల కలిసొచ్చిందేమీ లేదు, చట్నీ తప్ప. మీ ఊరి అంకెలతో చేసి చూడండి, తేడా వస్తే కామెంట్‌లో పెట్టండి.

[తెర మీద: పైపులోంచి నీళ్లు]

ఇంతకీ చిన్నాయన నాలుగోది వేశాడు. రెండించుల నీళ్లు పడ్డాయి. "నువ్వు ఆ 40లో పడ్డవు చిన్నాయనా, లెక్క తప్పలేదు" అంటే వినడు. ఇప్పటికీ పండక్కి పోతే చాలు, అందరి ముందు అడుగుతాడు: "ఏమైందిరా నీ లెక్క?"