ఇటలీలో దిగిన కొత్తల్లో

శ్రోతలకు నమస్కారం.

పైచదువు అనగానే ఈమధ్య మన ఇళ్లలో ఇటలీ మాట కూడా వినిపిస్తోంది. అమెరికా ఫీజులు చూసి గుండె జారిన కుటుంబాలకు అదొక దారిగా కనిపిస్తోంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఆదాయం తక్కువైతే ఫీజు మాఫీ కావడమే కాక, ఆ ప్రాంతీయ ప్రభుత్వం స్కాలర్‌షిప్ కూడా ఇస్తుంది. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజుకీ, పిల్లలు అక్కడ కుదురుకున్న రోజుకీ మధ్య కొన్ని వారాలుంటాయి. ఆ వారాల సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. పిల్లలైతే ఫోన్లో అసలే చెప్పరు.

నేను బొలోన్యా నగరంలో చదువుకున్నాను. ఆ తర్వాత కొత్తగా వచ్చే మన పిల్లల వెంట ఆఫీసులకూ, ఇళ్ల వేటకూ చాలా తిరిగాను. ఈ రోజు ఆ మొదటి వారాల గురించి, ముఖ్యంగా తల్లిదండ్రులు వింటున్నారన్న నమ్మకంతో మాట్లాడతాను.

దిగగానే మొదటి పని పోస్టాఫీసులో ఉంటుంది. వీసా దేశంలో అడుగు పెట్టడానికే. చదువు పూర్తయ్యేదాకా ఉండాలంటే వేరే పర్మిట్ కావాలి. దాన్ని ‘పెర్మెస్సో ది సొజోర్నో’ అంటారు. దేశంలోకి వచ్చిన 8 పని దినాల్లో దానికి దరఖాస్తు పెట్టాలి. విమానం దిగిన అలసట తీరేలోపే రోజులు కరిగిపోతాయి. దరఖాస్తు కవరు కొన్ని పోస్టాఫీసుల్లో ఉచితంగా ఇస్తారు. అందులో ఫారాలు ఇటాలియన్‌లోనే ఉంటాయి. నల్ల ఇంకుతో, పెద్ద అక్షరాల్లో, గడికో అక్షరం చొప్పున నింపాలి. పైన 16 యూరోల స్టాంపు అతికించాలి. అది పోస్టాఫీసులో దొరకదు, పెద్ద ‘టి’ బోర్డు ఉన్న పొగాకు దుకాణంలో కొనాలి. బస్సు టికెట్లు కూడా అమ్మేది అక్కడే కాబట్టి ఆ దుకాణం ఎలాగూ మొదటి రోజే పరిచయమవుతుంది. ఏడాది లోపు పర్మిట్‌కైతే స్టాంపు, పోస్టు ఖర్చు, కార్డు ఖర్చు అన్నీ కలిపి సుమారు 116 యూరోలు అవుతుంది. కవరు అంటించకూడదు. గుమాస్తా కాగితాలు చూసుకుని, రసీదూ, వేలిముద్రలకు రమ్మనే తేదీ ఉన్న కాగితమూ ఇస్తాడు.

ఆ తేదీ ఒక్కోసారి నెలల తర్వాత ఉంటుంది. కార్డు చేతికి రావడానికి ఇంకొన్నాళ్లు పడుతుంది. ఇక్కడ అమ్మానాన్నలు కంగారు పడేది ఈ విషయంలోనే. “ఇంకా కార్డు రాలేదా, మరి పోలీసులు పట్టుకుంటే?” అని రోజూ అడుగుతారు. కంగారు అక్కర్లేదు. ఆ రసీదే అప్పటికి ఆధారం. దాన్ని పాస్‌పోర్టుతో పాటు జాగ్రత్తగా ఉంచుకుని, రెండు జిరాక్సులు తీయించుకుంటే చాలు.

రెండోది పన్ను నంబరు. పేరులో పన్ను ఉంది గానీ, అది లేనిదే ఇల్లు అద్దెకు తీసుకోవడం, బ్యాంకు ఖాతా తెరవడం ఏవీ ముందుకు సాగవు. మొత్తం 16 అక్షరాలూ అంకెలూ. ఇంటిపేరులో హల్లులు, పేరులో హల్లులు, పుట్టిన సంవత్సరం, నెలకో అక్షరం, తేదీ, పుట్టిన చోటు కోడ్ అన్నీ అందులో ఇమిడి ఉంటాయి. మా గదికి ఒక సాయంత్రం గుంటూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఏడుపు ముఖంతో వచ్చింది. “అక్కా, నేను పుట్టింది 5వ తేదీ. ఇందులో 45 అని పడింది. మళ్లీ మొదటి నుంచి లైన్లో నిలబడాలా?” అంది. ఆడపిల్లలకు తేదీకి 40 కలుపుతారని చెప్పేసరికి కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకుంది. పక్కనే ఉన్న కుర్రాడి కార్డు తీసి పోల్చి చూసుకుంది. ఇద్దరి నంబర్లలోనూ చివరి వైపు ఒకే ముక్క, జెడ్ 222. అది ఇండియా కోడ్. అమ్మాయిది గుంటూరు, అబ్బాయిది కరీంనగర్, ఇద్దరికీ అదే. ఈ నంబరు పన్నుల శాఖ ఉచితంగానే ఇస్తుంది, దీనికని ఎవరికీ డబ్బు కట్టొద్దు. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉందో అచ్చం అలాగే, ఇంటిపేరు ఇంటిపేరు గడిలోనే పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి. మన పేర్లు పొడుగు. ఒక్క అక్షరం తేడా వస్తే ఆ తర్వాత ప్రతి ఆఫీసులోనూ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

ఇక అసలు కష్టం ఇల్లు. బొలోన్యా యూనివర్సిటీ 1088లో మొదలైందని చెబుతారు, పాశ్చాత్య ప్రపంచంలో దాన్నే అన్నిటికంటే పాతదిగా లెక్కిస్తారు. ఊరు చిన్నది, విద్యార్థులు ఎక్కువ. ఈ ఇబ్బంది ఈనాటిది కాదు. ఆ ఊళ్లో ఏ వీధిలో నడిచినా తల మీద కప్పు ఉంటుంది. స్తంభాల మీద నిలబడ్డ వసారాలు ఒకదానికొకటి కలిసిపోయి ఊరంతా పరుచుకుని ఉంటాయి. మధ్యయుగాల్లో జనం పెరిగి, చదువుకోవడానికి వచ్చేవాళ్లు పెరిగి గదులు చాలకపోతే ఇళ్ల పై అంతస్తులను వీధి మీదికి పొడిగించారు. కింద జనం నడిచే దారి మిగిలింది. కొత్త ఇల్లు కట్టే ప్రతివాళ్లూ వసారా కట్టి తీరాలని 1288లో నగర శాసనమే చేశారు. 2021లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వానలో గొడుగు లేకుండా క్లాసుకు వెళ్తున్నప్పుడల్లా, ఏడెనిమిది వందల ఏళ్ల కిందట కూడా ఎవరో ఒక కుర్రాడు పుస్తకాలు చంకన పెట్టుకుని ఇక్కడే గది కోసం తలుపులు తట్టి ఉంటాడని నాకు అనిపించేది. ఆ ఆలోచన ఎంతో ధైర్యం ఇచ్చేది.

ఇప్పుడు అక్కడ ఒక్కరికే గది కావాలంటే నెలకు 500 యూరోల పైమాటే. అందుకే మన పిల్లలు ఇద్దరు కలిసి ఒక గదిలో సర్దుకుంటారు. అద్దెకు తోడు రెండు మూడు నెలల అడ్వాన్సు అడుగుతారు. ఇక్కడే మోసాలు జరుగుతాయి. ఫోటోలు బాగుంటాయి, అద్దె తక్కువ ఉంటుంది. “నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్‌లో పంపుతాను” అని మెయిల్ వస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని భయంతో డబ్బు కట్టేస్తారు. తాళాలు రావు. నా మాట వినండి. మొదటి రెండు మూడు వారాలకు ఏదైనా హాస్టల్లో మంచం బుక్ చేసుకుని వెళ్లండి, అద్దె ఇల్లు కళ్లతో చూశాకే డబ్బు ఇవ్వండి. హాస్టల్ ఖర్చు దండగ అనుకోవద్దు. అద్దె ఒప్పందం ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయిస్తారా అని ముందే అడగాలి. విదేశీయుణ్ణి ఇంట్లో పెట్టుకున్న యజమాని 48 గంటల్లో పోలీసులకు రాసి ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. “కాగితాలెందుకు, అద్దె తగ్గిస్తాలే” అనే యజమాని దగ్గర చేరితే, పర్మిట్‌కూ స్కాలర్‌షిప్‌కూ ఆ కాగితం అడిగిన రోజున చేతిలో ఏమీ ఉండదు.

ఇల్లు దొరికాక కొన్ని చిన్న చిన్న సంగతులుంటాయి. చాలా ఇళ్లకు కరెంటు మీటరు 3 కిలోవాట్లకే ఉంటుంది. వాషింగ్ మెషీన్ తిరుగుతుండగా ఓవెన్, రైస్ కుక్కర్ కలిపి పెడితే ఇల్లంతా చీకటి. కింద మెట్ల దగ్గరున్న మీటరు స్విచ్ మళ్లీ పైకి ఎత్తాలి. ఇక చలి సంగతి. బొలోన్యా వాతావరణ మండలంలో మామూలుగా అక్టోబరు 15 తర్వాతే ఇళ్లలో హీటింగ్ వేయనిస్తారు. అక్టోబరు మొదట్లోనే సాయంత్రాలు చలి మొదలవుతుంది. సెప్టెంబరులో వెళ్తున్నాం కదా అని స్వెట్టర్లు అడుగున సర్దకండి.

తిండి గురించి అమ్మలు ఎక్కువ బెంగ పడతారు. సూపర్‌మార్కెట్లో ఇటలీ బియ్యమే అరలనిండా ఉంటుంది. యూరప్‌లో వరి అత్యధికంగా పండించేది ఇటలీయే. వెర్చెల్లి, నొవారా వైపు ఏప్రిల్, మే నెలల్లో రైల్లో వెళ్తే నీళ్లు నిలిపిన మళ్లు కనుచూపు మేర కనిపిస్తాయి. గోదావరి జిల్లాల పిల్లలు కిటికీకి అతుక్కుపోతారు. అయితే అక్కడ ఎక్కువగా అమ్మే రకం ఉడికితే జిగటగా ముద్దవుతుంది. వాళ్ల రిసోట్టోకి అదే కావాలి, మన పప్పుచారుకి పనికిరాదు. సోనా మసూరికి, కందిపప్పుకి, చింతపండుకి బంగ్లాదేశీయుల కొట్లున్నాయి. అక్కడి భాయ్ ముఖం చూసే “ఇండియా? సౌత్?” అని అడిగి, అడక్కుండానే కరివేపాకు ఎక్కడుందో చూపిస్తాడు. హిందీ వస్తే పని జరిగిపోతుంది. గది ఎక్కడ ఖాళీగా ఉందో, చవక సిమ్ ఏదో కూడా చాలాసార్లు అతని దగ్గరే తెలుస్తుంది.

కూరగాయల దగ్గర ఒక పద్ధతి తెలియాలి. మన రైతు బజారులోలా టమాటా పట్టుకుని నొక్కి చూస్తే పక్కనున్న పెద్దావిడ కోప్పడుతుంది. అక్కడ పల్చటి ప్లాస్టిక్ చేతొడుగులు చుట్ట కట్టి పెట్టి ఉంటాయి. ఒకటి లాగి తొడుక్కుని, టమాటాలు సంచిలో వేసి, త్రాసు మీద పెట్టి, ఆ టమాటా బుట్ట మీద రాసి ఉన్న నంబరు నొక్కాలి. స్టిక్కర్ వస్తుంది, సంచికి అంటించుకోవాలి. అది లేకుండా బిల్లు దగ్గరికి వెళ్తే వెనక్కి పంపుతారు, లైనంతా ఆగిపోతుంది. నన్ను కోప్పడిన పెద్దావిడే తన చేత్తో ఇంకో చేతొడుగు లాగి ఇచ్చి, త్రాసు దగ్గర మీట కూడా తనే నొక్కి చూపించింది. ఆ దేశంలో పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడతారు, వెంటనే సాయం కూడా చేస్తారు. కొట్లోకి అడుగు పెట్టగానే “బ్వొంజోర్నో” అనండి. ఆ ఒక్క పలకరింపుతో ముఖాలు మారిపోతాయి. క్లాసులో చదువు ఇంగ్లీషులోనే ఉన్నా బయట బతుకంతా ఇటాలియన్‌లోనే. యూనివర్సిటీ భాషా కేంద్రంలో నేర్పే తరగతుల్లో మొదటి వారమే పేరు రాయించుకోవాలి.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ప్రాంతంలో స్కాలర్‌షిప్ ఇచ్చే సంస్థ పేరు ‘ఎర్గో’. దరఖాస్తు గడువు చాలాసార్లు క్లాసులు ఊపందుకునేలోపే అయిపోతుంది. ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు నిల్వలు, ఇంటి విస్తీర్ణం చదరపు మీటర్లలో, అన్నీ అడుగుతారు. వాటికి అపోస్టిల్, అంటే మన కాగితం విదేశాల్లో చెల్లేలా వేయించే ముద్ర, ఇటాలియన్ అనువాదం ఉండాలి. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాల్సింది ఇక్కడ నాన్నగారే, అదీ వేసవిలోనే. ఇంత చేసినా మొదటి వాయిదా డిసెంబరు దాకా, ఒక్కోసారి ఆ తర్వాత గాని పడదు. సెప్టెంబరు నుంచి అప్పటిదాకా అద్దె, అడ్వాన్సు, తిండి అన్నీ చేతి డబ్బుతోనే. “స్కాలర్‌షిప్ వస్తుందిగా” అని కన్సల్టెన్సీ మాట నమ్మి కొద్ది డబ్బుతో పంపితే, ఆ పిల్లలు రెండో నెలలో పూట తగ్గించి తింటారు. నేను చూశాను. అడిగితే “తిన్నానమ్మా” అంటారు. విద్యార్థులు వారానికి 20 గంటల దాకా పని చేయొచ్చని చట్టం ఉంది, కానీ భాష రానివాళ్లకు మొదటి నెలల్లో పని దొరకడం కష్టం. ఆరు నెలలకు సరిపడా డబ్బు చూపించగలిగితేనే పంపండి. లేకపోతే ఒక ఏడాది ఆగి పంపండి.

చదువులో మాత్రం పిల్లలు నిలదొక్కుకుంటారు. అక్కడ పరీక్షకు మార్కులు 30, పాస్ 18. చాలావరకు ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. మొదట్లో టెన్షన్ పడతారు. ఇంగ్లీషులో అడిగినదానికి అర్థమయ్యేలా జవాబు చెప్పడం ఒకటి రెండు పరీక్షలకు అలవాటైపోతుంది. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మళ్లీ రాసే వీలు కూడా చాలా సబ్జెక్టుల్లో ఉంది.

చివరగా ఫోన్ల గురించి. “సెటిల్ అయ్యావా?” అని అడిగితే ఎవరైనా “అయ్యాను” అనే అంటారు. పోస్టాఫీసు రసీదు వచ్చిందా, ఇంటి ఒప్పందం రిజిస్టర్ అయిందా, ఖాతాలో ఎంత మిగిలింది అని అడగండి. అప్పుడు నిజం బయటికి వస్తుంది. వేసవిలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి నాలుగున్నర గంటలు. మీరు రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోబోయే ముందు చేస్తే అక్కడ సాయంత్రం ఐదు, చాలాసార్లు ఇంకా క్లాసులోనే ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం మన భోజనాలయ్యాక రెండున్నరకు చేయండి. అక్కడ ఉదయం పది. వంటింట్లో ఏదో ఒకటి పొయ్యి మీద పెట్టి తీరిగ్గా మాట్లాడతారు.

నమస్కారం.