కౌన్సిలర్‌గా గెలిచారు సరే, మిగతా పది ఓట్లు ఎక్కడ?

నమస్తే. ఈ వీడియో కొత్తగా కౌన్సిల్‌కు ఎన్నికైనవాళ్ల కోసం. ముందు ఒక చిన్న లెక్క.

(స్క్రీన్ మీద: 21 కుర్చీలు, ఒక్కదానికే రంగు)

మీ కౌన్సిల్‌లో 21 మంది ఉన్నారనుకోండి. అందరూ వచ్చి ఓటేస్తే తీర్మానం నెగ్గడానికి 11 ఓట్లు కావాలి. మీ చేతిలో ఉన్నది ఒకటి. ప్రచారంలో ఇంటింటికీ తిరిగి "నేను రోడ్డు వేయిస్తా, నేను లైట్లు పెట్టిస్తా" అన్నారు కదా, ఆ "నేను"కు మీటింగ్ హాల్లో పెద్దగా పవర్ ఉండదు. చాలా చోట్ల చట్టం అధికారం ఇచ్చేది కౌన్సిల్ మొత్తానికే, విడిగా ఏ ఒక్క సభ్యుడికీ ఇవ్వదు. కాబట్టి ఇంకో పది మందిని ఒప్పించుకోవడమే ఇప్పటినుంచి మీ పనిలో సగం, పైగా ఆ పది మందిలో మీరు మైకు పట్టుకుని తిట్టినవాళ్లు కూడా ఉండొచ్చు.

మొదటి మీటింగ్ దాకా ఆగకండి. ఒక్కొక్కరినీ విడిగా కలవండి, మీ పార్టీవాళ్లతోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోకండి. ఏం మాట్లాడాలి అంటే, అడగండి చాలు: "మీ వార్డులో జనం దేని గురించి ఎక్కువ గొడవ పెడుతున్నారు? పోయిన టర్మ్‌లో మీరు అనుకుని చేయలేకపోయింది ఏంటి?" పాత సభ్యులకైతే ఇది చాలా ఇష్టమైన సబ్జెక్టు, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో మొత్తం చెప్పేస్తారు. మీటింగుల్లో నోరు విప్పనివాళ్లను మాత్రం మర్చిపోవద్దు, మాట్లాడనంత మాత్రాన ఓటేయకుండా ఉండరు. ప్రచారంలో ఎవరినైనా వ్యక్తిగతంగా అన్నారా? మీరే ముందు వెళ్లి మాట్లాడండి. కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, కానీ ఐదేళ్లో నాలుగేళ్లో అదే గదిలో కూర్చోవాలి మరి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1953 నుంచి బ్రౌన్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. కౌన్సిల్ పనికి సంబంధించిన విషయాన్ని మెజారిటీ సభ్యులు బహిరంగ సమావేశం బయట చర్చించుకోకూడదు. ఒకరి తర్వాత ఒకరిని కలుస్తూ, ఆయన ఇలా అన్నారు, ఈవిడ ఇలా అన్నారు అని మాటలు మోస్తూ మెజారిటీని కూడగట్టినా తప్పే, మెసేజ్‌ల ద్వారా చేసినా తప్పే. అన్ని చోట్లా ఇంత కఠినంగా ఉండదు. అయినా కొత్త ఉత్సాహంలో వాట్సాప్ గ్రూప్ తెరిచే ముందు మీ దగ్గర రూల్ ఏంటో కనుక్కోండి. పరిచయాలకు ఎక్కడా అడ్డు లేదు, రహస్యంగా నిర్ణయం చేసేసుకుని మీటింగ్‌లో నాటకం ఆడటమే సమస్య.

ఇప్పుడు అసలు పనితనం కనిపించే చోటు: సవరణ.

(స్క్రీన్ మీద: వీధి దీపాల తీర్మానం)

మెయిన్ రోడ్లకు కొత్త లైట్లు పెట్టాలని ఒక తీర్మానం వచ్చింది. మీ వార్డులో అన్నీ సందులే, ఒక్క లైటూ రాదు. లేచి పది నిమిషాలు "మా వార్డుకు అన్యాయం" అని అరవొచ్చు, వీడియో బాగా షేర్ అవుతుంది కూడా, తీర్మానం మాత్రం 20–1తో నెగ్గుతుంది. లేదా ఎజెండా చేతికి రాగానే సంబంధిత అధికారి దగ్గరికి వెళ్లి, ఇదే డబ్బులో స్కూళ్లకు వెళ్లే సందులు కూడా కలపడం కుదురుతుందా అని అడగొచ్చు. కుదురుతుందంటే సభలో "మెయిన్ రోడ్లతో పాటు స్కూళ్లకు వెళ్లే దారులు కూడా" అని సవరణ పెట్టండి. స్కూళ్లు మీ వార్డులోనే ఉండవు కదా, ఇంకో ఏడెనిమిది మందికి మీకు ఓటేయడానికి కారణం దొరికింది. తీర్మానం తెచ్చినాయన పరువూ పోలేదు, రేపు మీకు ఆయన అవసరం పడుతుంది.

అధికారులతో కూడా ఇంతే. వాళ్లు మీ దగ్గర పనిచేసేవాళ్లు కారు, కౌన్సిల్‌కు పనిచేస్తారు. కింది ఉద్యోగికి నేరుగా ఫోన్ చేసి ఆర్డర్ వేయడం, సందేహాన్ని దాచుకుని మీటింగ్‌లో అందరి ముందూ ఇరికించడం, రెండూ వద్దు.

సభా నియమాలు బోర్ కొడతాయి, నిజమే. కానీ ఇంగ్లండ్‌లో హ్యాండ్‌ఫోర్త్ అనే చిన్న కౌన్సిల్ 2020 డిసెంబర్‌లో జూమ్‌లో పెట్టిన మీటింగ్ గుర్తుందా? 2021 ఫిబ్రవరిలో ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. మీటింగ్ చెల్లుతుందా లేదా అన్న దగ్గరే అరుపులు మొదలయ్యాయి, మీటింగ్ నడపడానికి సాయంగా వచ్చిన జాకీ వీవర్ అనే అధికారి ఏకంగా ఛైర్మన్‌నే కాల్ నుంచి తీసేశారు. అందరం నవ్వుకున్నాం. తర్వాత విచారణలో తేలింది ఏంటంటే, అలా తీసేసే అధికారం ఆమెకు లేదు, కాకపోతే ఆ పరిస్థితిలో ఆమె అలా చేయడం అర్థం చేసుకోదగ్గదే అని. అప్పటికే ఏళ్లుగా ముదిరిన గొడవల్లో రూల్ బుక్ ఒకరి మీద ఒకరు విసురుకునే రాయి అయిపోయింది. కోరం (మీటింగ్ చెల్లడానికి హాజరు కావాల్సిన కనీస సభ్యులు) ఎంత, సవరణ ఎప్పుడు పెట్టాలి, ఛైర్ నిర్ణయాన్ని ఎలా ప్రశ్నించాలి, ఇవి గొడవ లేని రోజే చదివి పెట్టుకోండి.

మీ సొంత భూమో, బంధువుల కాంట్రాక్టో చర్చకు వస్తే ముందే చెప్పి, రూల్ ప్రకారం పక్కకు తప్పుకోండి. దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒక్కసారి దాచి దొరికితే మీ పక్కన కూర్చోవడానికే అందరూ వెనకాడతారు.

ఇక ఓడిపోవడం. ఓడిపోతారు, చాలాసార్లు. "నేను వ్యతిరేకంగా ఓటేశాను, కారణం ఇదీ" అని జనానికి చెప్పుకోవడం మీ హక్కు. "అందరూ అమ్ముడుపోయారు" అన్నారంటే మాత్రం వచ్చే నెల నీళ్ల పైపుకు ఓటు అడగాల్సింది ఆ అందరినే. మీ అసమ్మతి రికార్డు కావాలంటే ఓటింగ్ అప్పుడే అడగండి. తర్వాతి మీటింగ్‌లో పాత మినిట్స్, అంటే కిందటి మీటింగ్‌లో జరిగింది రాసిన రికార్డు, ఆమోదానికి వస్తాయి, చాలామంది తిరగేయకుండానే చేతులెత్తేస్తారు. మీ మాట సరిగ్గా రాశారో లేదో అప్పుడే చూసుకోండి, ఆమోదం అయిపోయాక దాన్ని దిద్దించడం పెద్ద తలనొప్పి.