మకావ్ 1954: ఒక పాత ఫైట్‌కి నా రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూ సినిమాకి కాదు, డెబ్బై ఏళ్లు దాటిన ఒక బ్లాక్ అండ్ వైట్ ఫుటేజ్‌కి. కొన్ని నిమిషాలే ఉంటుంది. ముందు ఒక ముక్క చూడండి.

చూశారుగా? ఇద్దరు పెద్ద కుంగ్‌ఫూ గురువులు, చుట్టూ జనం. ఫైట్ ఏమో అలా ఉంది! చేతులు గాల్లో తిప్పడం, కొట్టి వెనక్కి గెంతడం, మళ్లీ ఒకరి చుట్టూ ఒకరు తిరగడం. మొదటిసారి చూసినప్పుడు నవ్వాను. మా వీధి కుళాయి దగ్గర బిందెల గొడవలో ఇంతకంటే గట్టి దెబ్బలు పడేవి.

ఇప్పుడు వీళ్లెవరో చెప్తాను. ఒకరు వూ గాంగ్‌యీ, వయసు 53. నెమ్మదైన కదలికలతో సాధన చేసే చైనా యుద్ధవిద్య తాయ్ చీలో వూ శైలి అంటే వాళ్ల ఇంటి విద్యే. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఈయనకి వచ్చింది. రెండో ఆయన చాన్ హాక్‌ఫూ, వైట్ క్రేన్ అనే ఇంకో కుంగ్‌ఫూ శైలి, వయసులో బాగా చిన్న. ఎవరితోనైనా తలపడటానికి సిద్ధమే అని వూ అన్నారు, చాన్ సరే అన్నారు. పేపర్లు ఊరుకుంటాయా, మంట రాజేశాయి. అప్పుడే 1953 క్రిస్మస్ రాత్రి హాంకాంగ్‌లోని షెక్ కిప్ మేలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి వేలమంది ఇళ్లు పోగొట్టుకున్నారు. సాయానికి డబ్బు పోగవుతుందని ఈ పోటీని హాంకాంగ్ పక్కనే ఉన్న మకావ్‌లో పెట్టారు. తేదీ 1954 జనవరి 17.

మొదటి రౌండ్‌లో చాన్ మీదమీదకి వస్తారు. వూ వెనక్కి జరుగుతూ జరుగుతూ ఒక దెబ్బ తగిలిస్తారు, చాన్ ముక్కు నుంచి రక్తం. రెండో రౌండ్‌లో కాళ్లు కూడా లేచేసరికి ఆపేశారు. తీర్పు ఏమిటో తెలుసా? గెలుపు లేదు, ఓటమి లేదు, డ్రా కూడా కాదట! ఇంత జాగ్రత్తగా చెప్పిన తీర్పు నేను ఇంకెక్కడా వినలేదు.

మరి అంత పేరున్నవాళ్లు అలా ఎందుకు కొట్టుకున్నారు? తాయ్ చీలో ఇద్దరు కలిసి చేసే ఒక సాధన ఉంటుంది, పుష్ హ్యాండ్స్ అంటారు. మణికట్లు ఆనించి, ఎదుటివాడి బరువు ఎటు పోతోందో చర్మంతోనే పట్టుకోవాలి. నిజంగా గొప్ప విద్య. కానీ అక్కడ ఎదుటివాడు చెయ్యి ఆనించే ఉంచుతాడు. రింగ్‌లో ఉన్నవాడు చెయ్యి ఇవ్వడు, దూరం నుంచి వచ్చి ముక్కు మీద గుద్ది పోతాడు. చిన్నప్పుడు మా ఊళ్లో కుంగ్‌ఫూ క్లాసుకి రెండేళ్లు వెళ్లాను. ఫామ్స్, అంటే ఒంటరిగా చేసే కదలికల వరుసలు, అన్నీ నోటికి వచ్చిన ఎక్కాల్లా వచ్చేవి. మొదటిసారి గ్లౌజులు వేసి నిలబెట్టిన రోజు, టెన్షన్‌లో కళ్లు మూసేసుకున్నాను. అంతే, రెండేళ్లూ ఎటు పోయాయో!

తమాషా ఏమిటంటే, ఫైట్ అయిన మూడో రోజే, జనవరి 20న, హాంకాంగ్ న్యూ ఈవినింగ్ పోస్ట్ పత్రికలో లియాంగ్ యూషెంగ్ కత్తివీరుల సీరియల్ మొదలైంది. ఈ పోటీ మీద జనానికి పుట్టిన పిచ్చి చూసే ఎడిటర్ ఆయనతో రాయించాడు. కొత్త తరం వూషియా కథలు, అంటే ఈ కత్తివీరుల కథలు, అక్కడి నుంచే ఊపందుకున్నాయి. ఇంత తడబడిన ఫైట్‌లోంచి గాల్లో ఎగిరే వీరులు పుట్టారన్నమాట!

ఆ కథల్ని గురువులే నమ్మడం మొదలుపెడితే ఏమవుతుందో 2017లో చైనాలోని చెంగ్డూలో చూశాం. ఎంఎంఏ (అన్ని రకాల దెబ్బలూ పట్లూ కలిపిన రింగ్ పోటీ) ఫైటర్ షు షియావ్‌డాంగ్ ముందు తాయ్ చీ గురువు వెయ్ లెయ్ అర నిమిషం కూడా నిలవలేదు. 2020లో వేరే పోటీలో 'మా బావోగువో' అనే 69 ఏళ్ల తాయ్ చీ గురువు కూడా అంతే, దాదాపు అర నిమిషంలో మూడుసార్లు పడిపోయారు. దాని మీద మీమ్స్ చేసినవాళ్లంటే నాకు చిరాకు, ఆ వయసాయన్ని రింగ్ ఎక్కనిచ్చిన శిష్యులంటే ఇంకా చిరాకు.

కామెంట్లలో ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే చెప్తున్నా: 'బోధిధర్ముడు మనవాడే, షావోలిన్ విద్య ఆయన నేర్పిందే' అనే కథకి చరిత్రలో ఆధారం లేదు. చైనా చరిత్రకారుడు టాంగ్ హావ్ 1930 ప్రాంతంలోనే ఆ మాట రాశాడు. అక్కడివాళ్లకీ అది రుచించలేదు.

అసలు గోంగ్‌ఫూ (మనం కుంగ్‌ఫూ అనే మాటే) అంటే చైనీస్‌లో యుద్ధమనే కాదు, కాలం పెట్టి సంపాదించిన నేర్పు. టీ కాచే పద్ధతికి కూడా ఆ మాట వాడతారు. అలా చూస్తే వూ వంశవృక్షం కంటే, 53 ఏళ్ల వయసులో పరువు పణంగా పెట్టి ఆయన తాడు దాటి రింగ్‌లోకి రావడమే నాకు పెద్దగా కనిపిస్తుంది. నకిలీ గురువైతే ఆ రోజు జ్వరం తెచ్చుకునేవాడు.

స్టార్లు ఇవ్వను, జడ్జీలే ఇవ్వలేదు. మీరు మాత్రం ఇంకోసారి వేగం తగ్గించి చూడండి. చేతుల్ని వదిలేసి, ఇద్దరి పాదాలూ చూడండి. బరువు ముందు ఎవరిది తప్పిందో కింద రాయండి.