మా నాయన చెప్పిన పాయింటు: మావాడి రైలు సెట్టు కథ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? వెనకాల వినిపిస్తున్న కూత నిజం రైలుదే, ఎడిటింగ్‌లో కలిపింది కాదు. డల్లాస్ నుంచి వచ్చి పదకొండు రోజులైంది, అనంతపురంలో అమ్మావాళ్లింట్లో ఉన్నాం. స్టేషన్ నడిచిపోయేంత దూరం. మావాడికి వచ్చే నెల మూడేళ్లు నిండుతాయి. కూత వినబడిందంటే నోట్లో ముద్దతోనే మిద్దెక్కేస్తాడు. పుట్టినరోజుకు రైలు సెట్టే అని ఎప్పుడో తేలిపోయింది. ఏ సెట్టు అన్నదగ్గరే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి: బ్యాటరీ రైలు ఒకవైపు, పట్టాలు కలుపుతూ పెంచుకుంటూ పోయే సెట్టు ఇంకోవైపు.

మేము దిగిన రోజే మా తమ్ముడు మేనమామ హోదాలో ఒక బ్యాటరీ రైలు పట్టుకొచ్చాడు. లైటు, పొగ, చెవులు చిల్లులు పడే పాట. గుండ్రంగా తిరుగుతుంది, అంతే. మూడో రోజుకి ఒక పట్టా కొక్కెం విరిగింది. విడిగా కొందామంటే దొరకదు, వేరే సెట్టు పట్టా దీనికి పట్టదు. మొత్తం సెట్టు అటక మీదికి.

మా నాయన గుంతకల్లు రైల్వే డివిజన్‌లో పాయింట్స్‌మన్‌గా, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు చూసుకునే పనిలో, చేసి రిటైరయ్యాడు. అటకెక్కుతున్న డబ్బా చూసి ఒకటే మాట అన్నాడు: "ఇంజన్ను జూసి కొన్యారు. చూడాల్సింది పట్టాలను గదమ్మా."

అప్పుడు నేను సూట్‌కేస్ తెరిచాను. అక్కడి నుంచి తెచ్చిన చెక్క సెట్టు. పుట్టినరోజు దాకా దాచాలనుకున్నా, ఆగలేకపోయా. స్వీడన్‌కు చెందిన బొమ్మల కంపెనీ బ్రియో వాళ్లు 1958లో మొదలుపెట్టిన పద్ధతి ఇది: పట్టాకు ఒక చివర గుండు, ఇంకో చివర దానికి సరిపడే గంటు. తర్వాత చాలా కంపెనీలు అదే కొలత పట్టుకున్నాయి. ఐకియా వాళ్ల లిల్లాబో అనే చెక్క రైలు సెట్టు పట్టాలు కూడా వీటికి అతుకుతాయి. అతుకు కాస్త వదులుగా ఉండొచ్చు, ఆట ఆగదు. పెద్ద వంపులు 8 కలిపితే ఒక గుండ్రం. పెంచుకుంటూ పోవచ్చంటే నాకు అర్థమైంది ఇదే: రేపు ఎవరి దగ్గర కొన్నా ఇవాళ్టి పట్టా పనికిరావాలి. జపాన్ వాళ్ల ప్లారైల్ అనే ప్లాస్టిక్ రైలు బొమ్మల నీలం పట్టాలదీ 1959 నుంచి అదే దారి, కాకపోతే అవి బ్యాటరీ బండ్లు. మరీ చిన్నపిల్లలైతే 2 ఏళ్ల నుంచే ఆడుకునే డూప్లో (లెగో వాళ్ల పెద్ద సైజు ఇటుకలు) రైలు ఉంది, ఇంట్లో ఉన్న డూప్లో ఇటుకలన్నీ దానికి కలుస్తాయి.

మా అమ్మ ధర విని "కట్టె ముక్కలకు అంతనా?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ తప్పు లేదులెండి.

నాయన మాత్రం తాడిపత్రి బండల మీద చాప పరిచి కూర్చున్నాడు. ఉత్త బండ మీద పట్టాలు జారుతున్నాయట. డబ్బాలోంచి చీలే పట్టా, అదే పాయింటు, తీసి తిప్పి చూశాడు. "ఒక్క పాయింటు తెచ్చి ఏం జేసుకుంటావ్? లైను చీలుతాది, మళ్ల కలిసేదెట్ల? రెండుండాల. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. అప్పుడే లూప్ లైను. అప్పుడే రెండు బండ్లకు క్రాసింగ్."

నేను రెండు వారాలు రివ్యూలు చూశానండీ. ఈ ముక్క నాకు తట్టలేదు! అందరం ఇంకో ఇంజన్, ఇంకో బోగీ అని కొంటూ పోతాం. ఎన్ని బండ్లున్నా గుండ్రం గుండ్రమే. ఆ రాత్రే ఇంకో పాయింటు ఆర్డర్ పెట్టాను, ఈసారి ఎడమది. రెండు గుండ్లు ఎదురుపడితే కలవవు కాబట్టి రెండువైపులా గంటున్న చిన్న ముక్క కూడా.

ఒక జాగ్రత్త. బోగీలు అయస్కాంతంతో కలుస్తాయి. అది ఊడి వస్తుందేమో లాగి చూడండి, మింగితే చాలా ప్రమాదం. బటన్ సెల్ ఉన్న బొమ్మలకు స్క్రూ మూత ఉండాలి. ఇక్కడ కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి. మావాడికి ఇంకా మూడు నిండలేదు కాబట్టి తాత పక్కన లేకుండా డబ్బా తెరవం.

ఇప్పుడు చూడండి, కెమెరా అటు తిప్పుతున్నా. గూడ్సు లూప్ లైన్లో ఆగి ఉంది. ఎక్స్‌ప్రెస్ దాటేదాకా గూడ్సు కదలకూడదని తాత నేర్పాడు. వీడికి ఎక్స్‌ప్రెస్ అంటే బయట పోయే నిజం రైలు. అరగంటగా చెవి అటే పెట్టి కూర్చున్నాడు, పాలు చల్లారిపోయాయి.