కామెంట్‌లో తిట్టిన తిట్టు, చేతికొచ్చిన ఉద్యోగం

అందరికీ నమస్కారం. మీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారు నన్ను పిలిచినప్పుడు "సోషల్ మీడియాలో జాగ్రత్తగా ఉండమని పిల్లలకు చెప్పండి" అన్నారు. ఆ ఒక్క ముక్క చెప్పి దిగిపోతే మీకు ఉపయోగం ఉండదు. జాగ్రత్త అంటే ఏమిటో ఎవరూ చెప్పరు, భయం మాత్రం పెడతారు. భయపడ్డవాళ్లలో కొందరు అకౌంట్లన్నీ తీసేసి కూర్చుంటారు, మిగతావాళ్లు రెండు రోజుల్లో మర్చిపోయి పాత దారిలోనే పోతారు. నేను ఐటీ కంపెనీల్లో మనుషుల్ని తీసుకునే పనిలో ఉన్నాను కాబట్టి, లోపల నిజంగా ఏం జరుగుతుందో అది చెప్తాను.

క్యాంపస్‌లో ఒకేసారి వందల మందిని తీసుకునేటప్పుడు మీ ఇన్‌స్టా ఎవరూ చూడరు. అంత టైం ఎవరికీ ఉండదు. ఆన్‌లైన్ టెస్టు, టెక్నికల్ రౌండు, హెచ్ఆర్ రౌండు, ఆఫర్ లెటర్, అంతే. గోవా ట్రిప్ ఫొటో ఉందనో, హీరో పుట్టినరోజుకి ఫ్లెక్సీ కట్టారనో ఆఫర్ ఆపరు. ఆ టెన్షన్ వదిలేయండి.

చూసేది తర్వాత. రెండు మూడేళ్లు పనిచేసి కంపెనీ మారేటప్పుడు, ఇంటర్వ్యూకి ముందు అవతలి మేనేజర్ మీ పేరు గూగుల్‌లో కొడతాడు, లింక్డ్‌ఇన్ తెరుస్తాడు. ఏ రూల్‌లోనూ రాసి ఉండదు, కానీ చాలామంది చేస్తారు. అక్కడ ముందు బయటపడేది బూతులు కాదు, అబద్ధాలు. రెజ్యూమేలో ఫలానా నెల నుంచి ఉద్యోగం చేస్తున్నట్టు ఉంటుంది, అదే నెలలో లింక్డ్‌ఇన్‌లో "ఉద్యోగం కోసం చూస్తున్నాను" అన్న పోస్టు ఉంటుంది. డబ్బు తీసుకుని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీల గురించి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు పీఎఫ్ రికార్డు, రెజ్యూమే, లింక్డ్‌ఇన్ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే ఎంతోసేపు పట్టదు. చేరిన ఆరు నెలలకు రిపోర్టు వచ్చినా తీసేస్తారు.

అబద్ధం ఏమీ లేకుండా బాగా పనిచేసేవాళ్లకు కూడా ఉద్యోగం పోయే దారి ఇంకొకటి ఉంది, దాని గురించే ఎక్కువ మాట్లాడాలనుకుంటున్నాను. రాత్రి పూట ఎక్స్‌లోనో ఇన్‌స్టాలోనో ఎవరినో బూతులు తిడతారు, ఎక్కువసార్లు ఆడవాళ్లనే. తిట్లు తిన్న మనిషో, చూసి తట్టుకోలేని మూడో మనిషో స్క్రీన్‌షాట్ తీస్తారు, మీ పేరు పట్టుకుని లింక్డ్‌ఇన్‌లో కంపెనీ ఏదో కనుక్కుంటారు, ఆ కంపెనీని ట్యాగ్ చేసి "మీ దగ్గర పనిచేసేది ఇలాంటివాళ్లా?" అని అడుగుతారు. అక్కడి నుంచి విషయం మీ మేనేజర్ చేతిలో ఉండదు. హెచ్ఆర్, లీగల్, ఇంకా కంపెనీ పేరు కాపాడే టీమ్ అందరూ ఒక కాల్‌లో కూర్చుంటారు, ఆ కాల్‌లో మీరు ఎంత బాగా కోడ్ రాస్తారన్న మాటే రాదు, రాసింది ఇతనేనా కాదా అన్నదే ప్రశ్న. ఫేక్ ఐడీ కదా అని ధైర్యంగా ఉండేవాళ్లున్నారు. ఆ ఐడీకి ఇచ్చింది మీ ఫోన్ నంబరే, పెట్టుకున్నది ఇంటర్ నుంచి అందరూ పిలిచే నిక్‌నేమే. పోలీసుల దాకా పోనక్కర్లేదు, మీ స్నేహితులే చెప్పేస్తారు.

మన తెలుగు సోషల్ మీడియాలో ఇది పార్టీల గొడవల్లో, ఫ్యాన్ వార్లలో మరీ ఎక్కువ. అభిమాన హీరోను పొగడటానికి తెరిచిన అకౌంటు ఏడాది తిరిగేసరికి అవతలి హీరో ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు మార్ఫ్ చేసే దాకా వస్తుంది. నాకు ఇది చూస్తే కోపం కంటే బాధ ఎక్కువ, ఎందుకంటే చేసేది పంతొమ్మిదీ ఇరవై ఏళ్ల పిల్లలు, చేయించేవాళ్లు వేరే ఉంటారు. అశ్లీలమైనది ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో సోషల్ మీడియా పోస్టుల మీద వరసగా పెట్టిన కేసులు, అరెస్టులు మీరు వార్తల్లో చూశారు. వాటిలో ఏది న్యాయం, ఏది కక్ష అన్నది కోర్టులు తేలుస్తాయి. అది తేలే లోపు ఏళ్లు గడుస్తాయి. ఈ లోపు కానిస్టేబుల్ ఉద్యోగానికో మరో సర్కారీ కొలువుకో సెలెక్ట్ అయితే, చేరేముందు మీ వివరాలు నింపి ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో "మీ మీద కేసులున్నాయా" అని ఒక గడి ఉంటుంది. అక్కడ దాచిపెడితే ఇంకా పెద్ద ఇబ్బంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే: కేసుల విషయంలో నిజం చెప్పాలి, దాచినవాళ్ల నియామకం రద్దు చేయవచ్చు, మరీ చిన్న కేసైతే మన్నించే వీలుంటుంది. గల్ఫ్‌కో ఇంకో దేశానికో వెళ్లాలన్నా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగవచ్చు, అప్పుడూ ఇదే కేసు అడ్డం వస్తుంది. ఆ పోస్టు పెట్టించిన అన్న అప్పుడు ఫోన్ ఎత్తడు.

గల్ఫ్ అన్నాను కాబట్టి ఇంకో మాట. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి ఎంతమంది అక్కడ ఉన్నారో మీకు తెలుసు, ఈ హాల్లోనే వాళ్ల పిల్లలు ఉంటారు. 2020లో కరోనా మొదలైన రోజుల్లో ముస్లింల మీద ద్వేషంతో పోస్టులు పెట్టిన కొందరు భారతీయులకు యూఏఈలో ఉద్యోగాలు పోయాయి. అప్పుడు అక్కడి మన రాయబారి పవన్ కపూర్ కూడా, వివక్ష మన విలువలకు విరుద్ధమని, భారతీయులు అది గుర్తుంచుకోవాలని ట్వీట్ చేయాల్సి వచ్చింది. అక్కడ వాట్సాప్‌లో ఒకరిని తిట్టినా నేరమే.

క్రికెట్ చూసేవాళ్ల కోసం ఓలీ రాబిన్సన్ సంగతి చెప్తాను. 2021 జూన్ 2న లార్డ్స్‌లో న్యూజిలాండ్ మీద ఇంగ్లండ్ తరఫున మొదటి టెస్టు ఆడుతున్నాడు. వివక్షకు వ్యతిరేకంగా జట్టంతా టీషర్టులు వేసుకుని నిలబడ్డ రోజు అది. ఆ రోజే అతను 2012, 2013 ప్రాంతంలో, పద్దెనిమిదీ పందొమ్మిదేళ్ల వయసులో, జాతి గురించీ ఆడవాళ్ల గురించీ నీచంగా పెట్టిన ట్వీట్లు బయటికొచ్చాయి. ఆ మ్యాచ్‌లో ఏడు వికెట్లు తీశాడు, 42 పరుగులు చేశాడు, అయినా మ్యాచ్ అయిపోగానే సస్పెండ్ చేశారు. ఎనిమిదేళ్ల నాటి మాటలకు అంత శిక్ష న్యాయమా అని మీరు అడగవచ్చు, ఆ చర్చ అప్పుడు ఇంగ్లండ్‌లోనూ జరిగింది. కానీ నేను ఈ కథ చెప్పేది ఆ తర్వాత జరిగినదాని కోసం. ట్వీట్లు బయటికొచ్చిన రోజు ఆట అయిపోగానే అతను సాకులు వెతకలేదు, రాసింది నేనే, సిగ్గుపడుతున్నాను అని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. విచారణ జరిగి ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, అందులో ఐదు మళ్లీ తప్పు చేస్తేనే అమలయ్యేవి, పైన 3,200 పౌండ్ల జరిమానా పడ్డాయి. ఆగస్టులో మన జట్టు మీదే తిరిగి ఆడాడు, ఆ సిరీస్‌లో 21 వికెట్లు తీశాడు. మీ పాత పోస్టు ఎప్పుడైనా బయటికొస్తే "అకౌంట్ హ్యాక్ అయింది" అనకండి. ఆ మాట నమ్మిన హెచ్ఆర్‌ను నేను ఇంతవరకు చూడలేదు, ఒప్పుకున్నవాళ్లకు వార్నింగ్‌తో వదిలేయడం మాత్రం చూశాను.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఇక్కడ సగం మంది ఉంటారు. వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఐడీలు రాయమని 2019 నుంచే అడుగుతున్నారు. 2025 జూన్‌లో స్టూడెంట్ వీసా వాళ్లు ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టాలన్నారు. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి ఉద్యోగ వీసా హెచ్-1బీ వాళ్లకూ, వాళ్ల కుటుంబాలకిచ్చే హెచ్-4 వాళ్లకూ ఆ పరిశీలన పెట్టారు, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వచ్చినవాళ్ల ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి, అక్కడ ఉద్యోగం, ఇక్కడ మనిషి. మనుషుల మాటలన్నీ ఒక ప్రభుత్వం ఇలా తిరగేయడం నాకు నచ్చదు. అయినా ఫారం నింపేది మీరు కాబట్టి ఒకటి చెప్తాను: ఐడీ దాచకండి. వివరాలు ఇవ్వకపోతే ఇప్పటి వీసా నిరాకరించడమే కాదు, ముందు ముందు వీసాలకు కూడా అనర్హులు కావచ్చని వాళ్లు స్పష్టంగానే చెప్పారు.

ఇదంతా విని నోరు మూసుకుని ఉండటమే మంచిదనుకుంటే మాత్రం నేను చెప్పింది తప్పుగా అర్థమైనట్టే. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్ పోస్టు పెట్టినందుకు ఒక అమ్మాయినీ, దానికి లైక్ కొట్టినందుకు ఇంకో అమ్మాయినీ అరెస్టు చేశారు. ఆ అన్యాయం చూసే శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు, ఆన్‌లైన్‌లో రాసిన మాటలకు ఇలా అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న కోర్టు కొట్టేసింది. మాట్లాడే హక్కు అలా నిలబడింది, వదులుకోకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని రాయండి, మీ ఊరి రోడ్డు బాగాలేదని రాయండి, సినిమా బాగాలేదని రాయండి. నేను చూసినంతలో వాటివల్ల ప్రైవేటు ఉద్యోగం పోయినవాళ్లు లేరు. సర్కారీ ఉద్యోగంలో చేరాక మాత్రం ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించడానికి ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు, అది తెలుసుకుని చేరండి. అలాగే పబ్లిక్‌లో పెట్టినదాన్ని చట్టం కాపాడుతుందనుకోవద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనంతట మనం అందరికీ కనిపించేలా పెట్టిన సమాచారానికి వర్తించదు.

ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. ఎక్స్‌లో, ఇన్‌స్టాలో మీ పాత కామెంట్లు తెరిచి చూడండి, పోస్టులు కాదు, కామెంట్లు. అభిప్రాయాలు ఉంచేయండి, మనిషిని కులం పేరుతోనో, మతం పేరుతోనో, శరీరం గురించో అన్న మాట ఉంటే తీసేయండి, ఆ మనిషి మీకు తెలిసినవాళ్లైతే ఒక మెసేజ్ పెట్టి సారీ చెప్పండి. కోడ్ అందరూ చూసేలా పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో మీ ప్రాజెక్టు పెట్టండి, అది ఎక్కడ పనిచేయలేదో కూడా రాయండి. అలాంటి పోస్టు చూసి ఇంటర్వ్యూకి పిలిచినవాళ్లు మా టీమ్‌లోనే ఉన్నారు.

అమ్మాయిల సంగతి చెప్పి ముగిస్తాను. లింక్డ్‌ఇన్‌లో ఫొటో పెట్టకుండా, చేసిన పని గురించి ఒక్క ముక్క రాయకుండా ఉండే అమ్మాయిలు చాలామంది నాకు తెలుసు. కారణం అడిగితే అందరూ ఒకటే చెప్తారు, పోస్టు పెట్టిన గంటలో వచ్చే మెసేజ్‌లు. వాళ్లకు రావాల్సిన పిలుపు రాదు, ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. చాలా కాలేజీల పేరు మీద ఒక కన్ఫెషన్ పేజీ ఉంటుంది, అందులో అమ్మాయిల పేర్లూ, సెక్షన్లూ, ఫొటోలూ ఉంటాయి. మీ కాలేజీ పేజీ నడిపేవాళ్లు ఈ హాల్లోనే ఉంటే, ఇవాళ రాత్రికే ఆ పేజీ తీసేయండి. ఆ అమ్మాయిలకు కూడా ఇదే ప్లేస్‌మెంట్ సీజన్.