పొగాకు నారు కిట్ రివ్యూ: ఈ నీళ్ళ ట్రే కోసమే తీసుకోవచ్చు

హాయ్ అందరికీ. ముందే చెప్పేస్తా, ఈ కిట్ కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపించారు, డబ్బులేం ఇవ్వలేదు, ఇలా చెప్పండి అని కూడా అనలేదు. ట్రేలో ఎన్ని గుంటలు, ట్రేని కింద నుంచి వెచ్చగా ఉంచే హీట్ మ్యాట్ ఎన్ని వాట్లు, అవన్నీ ఇక్కడ చదవను. నేను ఎక్కువ మాట్లాడేది అడుగున ఉన్న ఈ నీళ్ళ ట్రే గురించే.

ఎందుకంటారా, విత్తనం చూపిస్తా ఆగండి, జూమ్ చేస్తున్నా. తెల్ల కాగితం మీద గోధుమరంగు పొడి రాలినట్టుంది కదా, ఇవే విత్తనాలు. గ్రాముకి 10,000 పైనే ఉంటాయి, దగ్గరలో ఫ్యాన్ తిరిగితే చాలు, ఎగిరిపోతాయి. వీటికి వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి, అందుకని మట్టి కప్పకూడదు, పైపైన చల్లి వదిలేయాలి. మరి అలా పైనే ఉన్నదాని మీద స్ప్రే కొడితే ఏమవుద్ది? కొట్టుకుపోద్ది. ఇంతకుముందు వాడిన కిట్‌లో అదే జరిగింది, వాళ్ళిచ్చిన స్ప్రే బాటిల్‌కి తుంపర రాదు, ధార కొడుద్ది, ఒక మూల గడ్డిలా గుబురుగా మొలిచింది, మిగతా ట్రే అంతా ఖాళీ, ఆ గుబురు విడదీద్దామంటే మొక్కల వేర్లు తెగిపోయాయి, చాలా కోపమొచ్చింది.

దీంట్లో ఆ బాధే లేదు. అడుగు ట్రేలో నీళ్ళు పోస్తే మధ్యలో ఉన్న ఈ బట్టలాంటి మ్యాట్ పీల్చుకుని పైనున్న కోకోపీట్‌కి, అంటే కొబ్బరి పొట్టుకి, అందిస్తుంది, విత్తనం వేసిన చోటే మొలిచింది చూడండి, ప్రతి గుంటకీ మధ్యలో. పెద్ద ఎత్తున పొగాకు పండించేవాళ్ళు థర్మాకోల్ ట్రేలని నీళ్ళ మీద తేలేసి నారు పెంచుతారు, ఇదీ అలాంటిదే, నీళ్ళు కింద నుంచే అందుతాయి, ఇంటి సైజుకి తెచ్చారంతే. నాకైతే భలే నచ్చేసింది. కాకపోతే మొలకలొచ్చాక ట్రేలో ఎప్పుడూ నీళ్ళు నిలవ ఉంచకండి, ట్రే మీది మూత కూడా తీసేయండి, లేకపోతే నారుకుళ్ళు వస్తుంది, కాండం మొదట్లో నీరుపట్టినట్టు మెత్తబడి మొక్క పక్కకి వాలిపోద్ది, ఒకటి పడిందంటే పక్కవీ పడతాయి.

హీట్ మ్యాట్ ఓకే, 21 నుంచి 27 డిగ్రీల మధ్య నిలబెడుతోంది, ఒకటి రెండు వారాల్లో మొలకలు వచ్చేస్తాయి.

ఇక విత్తనాల ప్యాకెట్, ఇది మాత్రం అస్సలు నచ్చలేదు. పైన "పొగాకు" అని రాసి వదిలేశారు, రకం పేరే లేదు! పొగాకులో టబాకమ్ అనే రకం అయితే మనిషి ఎత్తు దాటుద్ది, రస్టికా పొట్టిగా ఉంటుంది కానీ నికోటిన్ ఎక్కువ, అలాటా అయితే పువ్వుల కోసం, సాయంత్రం మంచి వాసనొస్తుంది. ఏదో తెలీకుండా ఎంత కుండీ తెచ్చుకోవాలి, మొక్కకీ మొక్కకీ ఎంత దూరం పెట్టాలి? ఇంకోటి, తడి ఆకులు పట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి వెళ్ళి వాంతులు, తల తిరగడం వస్తాయి, గ్లౌజులు వేసుకోమని, పిల్లలకీ పెంపుడు జంతువులకీ అందకుండా పెట్టమని ఒక్క ముక్క రాయొచ్చుగా. అంత మంచి ట్రే చేసినవాళ్ళు ఇది వదిలేశారంటే నిజంగా బాధేసింది, వాళ్ళకి కూడా రాసి పంపాను.

సో నా మాట, కిట్ తీసుకోండి, ఆ ట్రే కోసమే తీసుకోండి, విత్తనాలు మాత్రం రకం పేరు రాసి ఉన్నవి విడిగా కొనుక్కోండి. ఇదే ట్రేలో టమాటా, మిర్చి నారు కూడా పోసుకోవచ్చు, కానీ పొగాకుతో కలిపి ఒకేసారి వద్దు, అన్నీ ఒకే కుటుంబం మొక్కలు, ఆకుల మీద మచ్చలు తెప్పించే మొజాయిక్ వైరస్ చేతుల ద్వారానే ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుద్ది, సిగరెట్ ముట్టుకున్న చేత్తో కూడా అంటుకోవచ్చు, అందుకని నారు ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.