పదిహేడో వారం

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో చాపల మీద కూర్చున్న పిల్లలకు, కుర్చీలు చాలక గుమ్మం దగ్గర నిలబడిన వారికి నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. చదివితే నా ఇరవై నిమిషాల్లో ఆరు అక్కడే అయిపోతాయి. వారు పెద్ద మనసుతో మన్నిస్తారని ఆ చీటీని జేబులో పెట్టుకుంటున్నాను.

గ్రంథాలయ వారోత్సవాలకు ఏటా కవినో కథకుడినో పిలుస్తారు. ఈసారి ఫోను యాప్‌లు తయారు చేసే నన్ను పిలిచారు. పుస్తకం చదువుతూ, చదివిన దాని మీద మనకు తోచింది రాసుకునే యాప్‌ను ఎలా తయారు చేస్తామో చెప్పాలి. మూడు మాటలు రాసుకొచ్చాను: అక్షరం, చోటు, సొంతదారు. వరసగా చెప్పాలనే వచ్చాను. లోపలికి వస్తుంటే ఆ మూల బీరువాలో బైండు చేసిన పాత వారపత్రికలు కనిపించాయి. ఇక వరస తప్పినట్టే.

మా పెద్దమ్మ సీరియళ్లు దాచేది. వీధిలో మూడిళ్లు కలిసి ఒక్క పత్రిక తెప్పించుకునేవి. అందరూ చదివాక సీరియల్ పేజీలు పెద్దమ్మవి. కథ ముగిశాక వాటిని దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో ఖాకీ అట్ట అంటించేది. మీలో ఎంతమంది ఇళ్లలో ఇలాంటివి ఉన్నాయి? చేతులెత్తండి. చూశారా, సగం మంది!

ఒక సీరియల్‌కి పదిహేడో వారం దొరకలేదు. చదవడానికి తీసుకున్నవారు ఊరెళ్లారు. తిరిగి వచ్చేసరికి ఆ పత్రిక కిరాణా కొట్లో పొట్లాలైపోయింది. పెద్దమ్మ పదహారు మళ్లీ చదివింది, పద్దెనిమిది చదివింది, మధ్యలో ఏం జరిగి ఉంటుందో రూళ్ల కాగితాల మీద నీలం సిరాతో తానే రాసింది. ఆ కాగితాలను పత్రిక కొలతకు కత్తిరించి ఆ చోటులోనే పెట్టి కుట్టింది. పైన ‘పదిహేడో వారం’ అని, చివర ‘సశేషం’ అని కూడా రాసింది.

పద్దెనిమిదో వారం మొదలయ్యేసరికి కథానాయిక ఇల్లు విడిచి రైల్లో ఉంటుంది. పెద్దమ్మ రాసిన దాంట్లో ఆమె గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, పొయ్యి మీది పాలు దించి మరీ వెళ్తుంది. అచ్చు పేజీ దొరక్క ఎక్కడో చూసి ఎత్తి రాసుకుందని చాలా ఏళ్లు నేననుకున్నాను. ఆ పాలు రచయితవి కావు, మా పెద్దమ్మవి.

ఇప్పుడు యాప్ సంగతి. మా మొదటి నమూనాలో పాఠకుడు రాసుకోవడానికి ఒక పసుపు పెట్టె పెట్టాం. అందులో 250 అక్షరాలు పడతాయి. గర్వంగా ఇంట్లో చూపిస్తే, ‘ఇందులో పెద్దమ్మ పాలు కూడా పట్టవు కదా’ అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చదివేవాడు వాక్యం కింద గీత గీసి ఊరుకుంటాడని మేమే తీర్మానించేసుకున్నాం. ఇప్పుడు మా యాప్‌లో రెండు పేజీల మధ్య ఖాళీ కాగితం పెట్టవచ్చు. ఎంతైనా రాయవచ్చు, బొమ్మ వేయవచ్చు. వేలితో పేజీ తిప్పుతుంటే అది పుస్తకంలో భాగంగానే వస్తుంది. రంగు మాత్రం వేరు, రచయిత మాటతో కలిసిపోకుండా.

అక్షరం గురించి చెప్పాలి. ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్లో ఒక్కో సంకేతం కేటాయించే ఉమ్మడి ప్రమాణం పేరు యూనికోడ్. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. అయినా ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం కంప్యూటర్ లోపల ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని ఒకే అక్షరంగా లెక్కపెట్టే నియమం 2023లో వచ్చిన 15.1 సంచికతో గాని రాలేదు. అంతకు ముందు లెక్క ప్రకారం అవి మూడు ముక్కలు. మా నమూనాలో వాక్యం మీద రంగు పూస్తే సగం ఒత్తు దగ్గర ఆగేది. 2018 ఫిబ్రవరిలో అయితే ‘జ్ఞా’ను ఒక తీరుగా రాసి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా వార్త అయింది. జ్ఞానం ఎక్కువైతే అంతే అని మా స్నేహితులు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మన అక్షరాన్ని చివర్లో సరిచూసుకునే సంగతిగా పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

వెతకడం మరో తలనొప్పి. ‘పుస్తకం’ అని కొడితే ‘పుస్తకాన్ని’, ‘పుస్తకాలు’ దొరకవు, సున్న పోయి దీర్ఘం వస్తుంది కాబట్టి. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. పూర్తయిందని చెప్పను.

చోటు. కాగితం పుస్తకంలో 43వ పేజీ ఎన్నేళ్లకైనా 43వ పేజీయే. ఫోనులో అక్షరం పెద్దది చేస్తే అది 71 అవుతుంది. అందుకని మన రాతను పేజీ సంఖ్యకు కాక వాక్యానికి కట్టాలి: ఆ మాటలు, వాటికి ముందు కొన్ని, తర్వాత కొన్ని. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూత్రీసీ అనే సంస్థ వారు 2017లో దీనికొక ప్రమాణం ఖరారు చేశారు. ప్రచురణకర్త తర్వాత అచ్చుతప్పు దిద్దితే ఆ కట్టు తెగవచ్చు. అప్పుడు రాతను పారేయకుండా, ‘ఇది ఎక్కడిది?’ అని పాఠకుణ్ణే అడుగుతాం.

అయ్యా, గంట వినిపించింది. అయిదే నిమిషాలు.

సొంతదారు. దీని మీద నాకు కోపం ఉంది, దాచను. ఆరేళ్లు ఒక యాప్‌లో చదివాను. పేరెందుకు? నాలుగు వందలకు పైగా రాతలు రాసుకున్నాను. మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చుని రాసినవి కూడా అందులోనే. ఒకరోజు తెరిస్తే ‘సేవలు ముగిశాయి’ అని ఉంది. ముప్పై రోజుల గడువిస్తూ మెయిలు పంపారట, నా కంట పడలేదు. పెద్దమ్మ పుస్తకానికి చెద పట్టినా చివరి నాలుగు పేజీలే పోయాయి. నావి ఒక్కటీ మిగల్లేదు. అందుకే మా యాప్‌లో మొదటి తెర మీదే ఒక బొత్తాం ఉంది: మీరు రాసినదంతా మామూలు పాఠ్యంగా మీ ఫోనులోకి దించుకోవచ్చు. దాన్ని మూలకు నెట్టమని సలహా ఇచ్చినవారున్నారు. నెట్టలేదు.

గ్రంథాలయ పుస్తకాల్లో రాయకూడదని ఆ గోడ మీద ఉంది. అది న్యాయమే, లైబ్రేరియన్ గారూ, నేను కాదనను. కానీ ఆ బీరువాలో ఎక్కడో పదిహేడో వారం ఉండి ఉంటుంది. సభ అయ్యాక తాళం ఇస్తే వెతుకుతాను. పెద్దమ్మకు ఎనభై రెండేళ్లు. రచయిత ఏం రాశారో ఒక్కసారి చూపించాలని ఉంది.

పిల్లలూ, మీకొక పని. ఆ ఖాళీ కాగితం పెట్టే బొత్తానికి ఇంకా పేరు పెట్టలేదు. ‘గమనిక’ అంటే ఆఫీసు నోటీసులా ఉంది, ‘టిప్పణి’ అంటే భయపడుతున్నారు. పెద్దమ్మ ‘అతుకు’ అంది. మీకు తోచిన పేరు చీటీ మీద రాసి ఆ బల్ల మీద పెట్టండి.